డిశ్చార్జి పుస్తకం చేతికొచ్చాక డిగ్రీ చదువు
మాజీ సైనికులకు ఉన్న సదుపాయాలేమిటి? లేనివేమిటి?

తాడేపల్లిగూడెం: ట్రంకు పెట్టె, బెడ్డింగు, డిశ్చార్జి పుస్తకంతో రైలు దిగిన జవానుకు ఊళ్లో నాలుగు రోజులు మర్యాదలు జరుగుతాయి. అయిదో రోజు నుంచి ‘ఇక ఏం చేద్దామనుకుంటున్నావు?’ అన్న ప్రశ్న మొదలవుతుంది. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల వయసులో సైన్యంలో చేరినవాడు పదిహేను, పదిహేడేళ్లు సర్వీసు చేసి నలభై నిండకుండానే ఇంటికి వచ్చేస్తాడు. పింఛను వస్తుంది గాని పిల్లలు అప్పటికింకా హైస్కూలులోనే ఉంటారు. చేతిలో ఉన్న చదువు పదో తరగతి, మహా అయితే ఇంటర్మీడియెట్. మంచి ఉద్యోగాల ప్రకటన ఏది చూసినా ‘డిగ్రీ’ అన్న మాట అడ్డు తగులుతుంది.

పశ్చిమ గోదావరి జిల్లాలో ఈ సమస్య కొత్తది కాదు. తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరం గ్రామానికి ‘మిలిటరీ మాధవరం’ అన్న పేరే స్థిరపడిపోయింది. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరి నుంచి సిపాయిలు వెళ్లారు. ఇంటికొకరు చొప్పున సైన్యంలో పని చేశారని గ్రామస్థులు గర్వంగా చెప్పుకుంటారు. ఇలాంటి ఊళ్లలో రిటైరై వచ్చేవారు ఎప్పుడూ ఉంటారు. కాలేజీకి వెళ్లి కొడుకు ఈడు పిల్లల పక్కన బెంచీ మీద కూర్చునే ఓపిక, తీరిక వీరికి ఉండవు. మిగిలింది ఇంటి దగ్గర చదువుకుని పరీక్ష రాసే దారి ఒక్కటే.

ఆ సర్టిఫికెట్ డిగ్రీ కాదు

పదిహేనేళ్లు సర్వీసు చేసిన మెట్రిక్యులేట్ మాజీ సైనికుడిని డిగ్రీ కావలసిన కొన్ని ఉద్యోగాలకు అర్హుడిగా పరిగణించవచ్చునని కేంద్ర ప్రభుత్వం 1986లో ఉత్తర్వు ఇచ్చింది. ఇండియన్ ఆర్మీ స్పెషల్ సర్టిఫికెట్ ఆఫ్ ఎడ్యుకేషన్, లేదా నౌకాదళం, వైమానిక దళాలలో దానికి సమానమైన సర్టిఫికెట్ ఉన్నవారికీ ఇది వర్తిస్తుంది. ఈ ఉత్తర్వు ఆధారంగా ఇచ్చే కాగితాన్నే మనవాళ్లు ‘గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్’ అంటున్నారు. చిక్కంతా ఈ పేరులోనే ఉంది.

ఇది గ్రూప్ సి ఉద్యోగాలకు మాత్రమే పనికి వస్తుంది. అందులోనూ సాంకేతిక, వృత్తిపరమైన అనుభవం తప్పనిసరి కాని పోస్టులకే. గ్రూప్ బి ఉద్యోగానికి గాని, ఎం.ఏ. సీటుకు గాని, బి.ఎడ్. ప్రవేశానికి గాని దీన్ని డిగ్రీగా చూపలేరు. ‘సర్టిఫికెట్ ఉంది కదా, ఇంకా డిగ్రీ ఎందుకు?’ అని చదువు మానుకున్నవారు దరఖాస్తు తిరిగి వచ్చిన తరువాత గాని సంగతి తెలుసుకోలేకపోతున్నారు. అప్పటికి నాలుగైదేళ్లు గడిచిపోయి ఉంటాయి. ఆ నాలుగైదేళ్లలో నిజమైన డిగ్రీయే చేతికి వచ్చి ఉండేది.

కోటా ఒక్కసారే

చాలామందికి తెలియని మరో నిబంధన ఉంది. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి ఉద్యోగాలలో 10 శాతం, గ్రూప్ డి స్థాయిలో 20 శాతం మాజీ సైనికులకు కేటాయించారు. ప్రభుత్వరంగ బ్యాంకులు, సంస్థలలో ఇది 14.5 శాతం, 24.5 శాతంగా ఉంది. వయసు విషయంలోనూ వెసులుబాటు ఉంది. అసలు వయసులో నుంచి సర్వీసు సంవత్సరాలు తీసివేయగా మిగిలినది గరిష్ఠ వయోపరిమితికి మూడేళ్లు మించకపోతే చాలు. పదిహేడేళ్లు సర్వీసు చేసిన నలభై ఏళ్ల మనిషి వయసు ఈ లెక్కలో ఇరవై మూడే!

అయితే ఈ కోటాలో ఒకసారి సివిల్ ప్రభుత్వ ఉద్యోగంలో చేరిన తరువాత అదే కోటా రెండోసారి అక్కరకు రాదు. ఉద్యోగంలో చేరకముందే వేరే పోస్టులకు దరఖాస్తు చేసి ఉండి, ఆ వివరాలను తేదీలతో సహా కొత్త కార్యాలయంలో రాసి ఇచ్చినవారికి మాత్రం 2014లో మినహాయింపు ఇచ్చారు. అంటే పదో తరగతి చదువుతో తొందరపడి చిన్న పోస్టులో చేరిపోయి, తరువాత తీరిగ్గా డిగ్రీ పూర్తి చేసి పెద్ద పోస్టుకు కోటాలో వెళదామనుకుంటే కుదరదు. సర్వీసులో ఉండగానే డిగ్రీ మొదలుపెట్టమని అనుభవజ్ఞులు చెప్పడం ఇందుకే. డిశ్చార్జి నాటికి డిగ్రీ చేతిలో ఉన్న హవల్దారుకూ, అప్పుడే దరఖాస్తు ఫారం కోసం వెదుక్కునే హవల్దారుకూ తేడా జీతంలో జీవితాంతం కనిపిస్తుంది.

పోస్టులో వచ్చిన పాఠాలు

మన దేశంలో కరస్పాండెన్స్ చదువు 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆరంభమైంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో కరస్పాండెన్స్ కోర్సుల విభాగాన్ని తెరిచింది. సరిహద్దు పోస్టులో ఉన్న జవానుకు పాఠాల కట్ట ఆర్మీ పోస్టాఫీసు ద్వారా చేరేది. అది చేరేసరికి యూనిట్ వేరే చోటికి తరలిపోవడం, కట్ట అడ్రసులు మారుతూ వెనుక తిరగడం ఆ రోజుల్లో మామూలే.

1982 ఆగస్టు 26న హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో ఇదే మొదటిది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. దాని మొదటి వైస్ ఛాన్సలర్ ప్రొఫెసర్ జి. రామిరెడ్డి. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) స్థాపించినప్పుడు దానికీ ఆయనే మొదటి వైస్ ఛాన్సలర్ కావడం తెలుగువారికి గర్వకారణం.

సర్వీసులో ఉన్నవారికి ఇగ్నో వల్ల ఎక్కువ వీలు కలిగింది. సైన్యం, నౌకాదళాలతో ఒప్పందం చేసుకుని వారి కోసం ప్రత్యేక ప్రాంతీయ కేంద్రాలను గుర్తించింది. నౌకాదళ కేంద్రాలలో ఒకటి విశాఖపట్నంలోనే ఉంది. జనవరి, జులై నెలల్లో ప్రవేశాలు, జూన్, డిసెంబరు నెలల్లో పరీక్షలు ఉంటాయి. మూడేళ్ల బి.ఏ.ను గరిష్ఠంగా ఆరేళ్లలో పూర్తి చేయవచ్చు. బదిలీలతో తిరిగే జవానుకు ఈ ఆరేళ్ల గడువు పెద్ద ఊరట. కాగా, పుస్తకం అందలేదన్న బెంగ ఇప్పుడు తగ్గింది. ‘ఈజ్ఞానకోశ్’ అన్న చోట పాఠాలన్నీ ఉచితంగా సెల్‌ఫోనులోనే చదువుకోవచ్చు.

అగ్నివీరుల సంగతి

ఇదిలా ఉండగా, 2022లో మొదలైన అగ్నిపథ్ పథకంలో నాలుగేళ్లకే బయటకు వచ్చే కుర్రవాళ్లకు ఈ చదువు మరీ ముఖ్యం. వీరిలో 25 శాతం మందిని మాత్రమే సైన్యంలో కొనసాగిస్తారు. మిగిలినవారికి పింఛను లేదు, మాజీ సైనికుడి హోదా కూడా లేదు. కనుక పైన చెప్పిన పదిహేనేళ్ల సర్టిఫికెట్, మాజీ సైనికుల కోటా వీరికి వర్తించవు. వీరి కోసమే ఇగ్నో మూడేళ్ల డిగ్రీని రూపొందించింది. సైనిక శిక్షణకు సగం మార్కుల భారం అంటే 50 శాతం క్రెడిట్లు ఇస్తారు. మిగతా సగం భాష, చరిత్ర, ఆర్థికశాస్త్రం వంటివి చదివి తెచ్చుకోవాలి. మధ్యలో మానేసినా మొదటి ఏడాదికి సర్టిఫికెట్, రెండో ఏడాదికి డిప్లొమా దక్కుతాయి. శిక్షణలో పడ్డ చెమటకు చదువులో లెక్క కట్టడం మెచ్చదగిన పని. ఈ పని పాత తరం సిపాయిల విషయంలో ఏనాడో జరగవలసింది.

ఫీజు ఎవరు కట్టాలి?

అసలు ప్రశ్న ఇక్కడే ఉంది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల ద్వారా అందే విద్యా సహాయం ఎక్కువగా పిల్లలకు ఉద్దేశించినది. హవల్దారు, అంతకు తక్కువ ర్యాంకు వారి పిల్లలలో ఇద్దరికి ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా కేంద్రీయ సైనిక్ బోర్డు నెలకు రూ. 1,000 చొప్పున ఇచ్చేది. 2025 నవంబరు 1 నుంచి చేసుకునే దరఖాస్తులకు దీన్ని రూ. 2,000 చేశారు. రెండేళ్ల పి.జి. చదివే వితంతువులకూ ఈ సహాయం ఉంది. ఈ చివరి సంగతి తెలిసిన కుటుంబాలు తక్కువ.

ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ కింద వృత్తి విద్యా కోర్సులు చదివే అబ్బాయిలకు నెలకు రూ. 2,500, అమ్మాయిలకు రూ. 3,000 ఇస్తున్నారు. అది దూరవిద్యలో చేరిన పిల్లలకు వర్తించదు. జవానుకు స్వయంగా దక్కేది రిటైర్మెంటుకు ముందు పునరావాస డైరెక్టరేట్ ఇప్పించే ఉచిత శిక్షణ. అది గరిష్ఠంగా 24 వారాల వృత్తి శిక్షణ మాత్రమే. మూడేళ్ల డిగ్రీకి అది ప్రత్యామ్నాయం కాదు.

అమెరికాలో పద్ధతి వేరు. 1944 జూన్ 22న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన ‘జి.ఐ. బిల్’ చట్టం యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికుడి చదువుకే ఖర్చు పెట్టింది. కాలేజీతో పాటు కరస్పాండెన్స్ కోర్సులూ అందులో చేరాయి. 1956 వరకు సుమారు 78 లక్షల మంది ఆ చట్టం కింద చదువో, శిక్షణో పొందారు. తరువాత వచ్చిన చట్టాలలో పోస్టు చదువుకు కొన్ని బిగింపులు పెట్టారు. మాంట్‌గొమరీ జి.ఐ. బిల్ కింద కరస్పాండెన్స్ కోర్సు ఖర్చులో 55 శాతమే చెల్లిస్తారు, అదీ పాఠాలు పూర్తి చేసి పంపిన మేరకే. చేరిన పది రోజుల తరువాత ‘ఆలోచించుకున్నాను, చదువుతాను’ అని మళ్లీ సంతకం చేయాలి. ఏజెంట్ల మాట నమ్మి చేరి మధ్యలో మానేసేవారి వల్ల సొమ్ము వృథా అవుతున్నదని గ్రహించి పెట్టిన నిబంధనలివి. మన దగ్గర జవాను ఫీజు జవానే కట్టుకుంటున్నాడు కనుక ఆ జాగ్రత్త కూడా అతడే తీసుకోవలసి వస్తున్నది.

చేరే ముందు

బస్టాండు పక్కన గదిలో బోర్డు కట్టి ‘ఒకే ఏడాదిలో డిగ్రీ’ అనేవారు ఇప్పటికీ ఉన్నారు. రిటైర్మెంటు సొమ్ము చేతిలో ఉన్న మనిషి వారికి సులువుగా దొరుకుతాడు. ఒకే ఏడాదిలో డిగ్రీ అనేది ఏ గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయంలోనూ లేదు. దూరవిద్యకు అనుమతి ఉన్న విశ్వవిద్యాలయాల జాబితాను యు.జి.సి. ప్రకటిస్తుంది. విశ్వవిద్యాలయం పేరుతో పాటు కోర్సు పేరు కూడా అందులో ఉండాలి. ఇంజనీరింగ్, వైద్యం, నర్సింగ్, న్యాయశాస్త్రం డిగ్రీలు దూరవిద్యలో ఇవ్వరాదు. దూరవిద్య బి.ఎడ్. శిక్షణ పొంది ఉద్యోగంలో ఉన్న టీచర్లకే.

రాష్ట్ర విశ్వవిద్యాలయాలు తమ రాష్ట్రం దాటి దూరవిద్యా కేంద్రాలు నడపకూడదు. ఎక్కడో ఉత్తరాది రాష్ట్ర విశ్వవిద్యాలయం పేరు చెప్పి గూడెంలో ఫీజు వసూలు చేస్తున్నారంటే అనుమానించవలసిందే. రాష్ట్ర విభజన తరువాత అంబేద్కర్ విశ్వవిద్యాలయం తెలంగాణలో ఉండిపోయింది కాబట్టి మన వైపు వారు చేరే ముందు ఆ సంగతి కూడా విచారించుకోవాలి. 2024 నుంచి దూరవిద్యలో చేరేవారంతా యు.జి.సి. వద్ద డి.ఇ.బి. నంబరు తీసుకోవలసి ఉంది. ఆ నంబరు అడగని చోట డబ్బు కట్టవద్దు.

ఇక చదువు. పదిహేనేళ్లు కలం పట్టని చేతికి అసైన్‌మెంట్లు రాయడమే మొదటి పరీక్ష. ఇగ్నోలో మామూలుగా వీటికే 30 శాతం మార్కులు, మిగిలిన 70 శాతం పరీక్షకు. అసైన్‌మెంటు ఇవ్వకుండా పరీక్ష రాసి, ఫలితంలో ‘పూర్తి కాలేదు’ అని చూసి కంగారు పడేవారు ప్రతి ఊళ్లోనూ ఒకరిద్దరు కనిపిస్తారు. పొద్దున్నే నాలుగింటికి లేచే అలవాటు సైన్యం ఎలాగూ నేర్పింది. ఆ గంటన్నర అసైన్‌మెంట్లకు కేటాయిస్తే గడువులోపే పూర్తవుతాయి. అడ్మిషన్‌కు వెళ్లేటప్పుడు డిశ్చార్జి పుస్తకం, పదో తరగతి, ఇంటర్ సర్టిఫికెట్లు, ఆధార్ పట్టుకెళ్లాలి. డిశ్చార్జి పుస్తకంలోని పేరు, పదో తరగతి సర్టిఫికెట్లోని పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. తేడా ఉంటే రికార్డ్స్ ఆఫీసుకు రాసి సరి చేయించుకోవడానికి నెలలు పడుతుంది. జులై ప్రవేశాలకు ఆ పని వేసవిలోనే మొదలుపెట్టడం మేలు.