యువజన చారిత్రక నవలలో గూఢలిపి సాహసము

చారిత్రక నవల యనగానే మనకు కోటగోడలును, కత్తులును, గుఱ్ఱపు డెక్కల ధ్వనియు స్ఫురించును. సాహసము కంటికి గనబడవలెనని పాఠకుడు కోరును. యువపాఠకుడు మఱింత కోరును. అట్టియెడ బల్లముందు కాగితము, పెన్సిలు పట్టుకొని రాత్రులు గడపినవారి ధైర్యమును నవలగా మలచుట యెట్లు? రెండవ ప్రపంచయుద్ధమునాటి గూఢలిపిభేదనము వస్తువుగా ఆంగ్లమున యువజనులకై వెలువడుచున్న నవలలను జదువునపుడు మాకు గలిగిన ప్రశ్న యిది.

గూఢలిపి మనకు క్రొత్తది కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున సంజ్ఞాలిపులతో చారులు వార్తలు నడపు విధమును జెప్పెను; వాత్స్యాయనుడు మ్లేచ్ఛితవికల్పమును చతుష్షష్టికళలలో జేర్చెను. కాని యంత్రము వ్రాయు గూఢలిపి వేఱు. జర్మనుల ఎనిగ్మా యంత్రమున ఒక మీట నొక్కిన విద్యుత్తు తిరుగుడు చక్రములగుండ బోయి వేఱొక యక్షరపు దీపమును వెలిగించును. నొక్కినప్పుడెల్ల చక్రము కదలును గావున ఒకే యక్షరము రెండవమాఱు మఱియొక రూపము దాల్పవచ్చును. ఐదు చక్రములనుండి మూడింటిని గైకొని, ముందు పలకపై పది జతల యక్షరములను తీగలతో గలిపినచో, సాధ్యమగు అమరికలు 15 లక్షల కోట్ల కోట్లకు మించును.

అయినను ఈ యంత్రమున కొక లోపము కలదు. ఏ యక్షరమునకును అదే యక్షరము సంకేతముగా రాదు. వాతావరణ వార్తలో ఫలానా మాట యుండితీరునని యూహించి, దానిని గూఢవార్త క్రింద వ్రాసి, ఒక్కొక్క యక్షరముచొప్పున జరుపుచు బోవుదురు. పై యక్షరమును క్రింది యక్షరమును ఒక్కచోట నైనను ఏకమయ్యెనా, ఆ స్థానము కాదని తేలును. మిగిలిన స్థానములను పరీక్షించుటకే బాంబ్ అను యంత్రములు పుట్టినవి. మా దృష్టిలో నవలాకారునకు దొరకిన పెన్నిధి యిదియే. పదునాలుగేండ్ల పాఠకుడు తానే పెన్సిలు దీసి సరిచూచుకొనదగిన రహస్యమిది. దీనిని విడిచి, నాయకుని మనస్సున నేదో మెఱసెనని చెప్పి దాటిపోవు రచన చప్పనిదనియే మా యభిప్రాయము.

ఈ విజయము ఒక్కనిది కాదు. పోలండు గణితజ్ఞుడు మేరియన్ రెయెవ్‌స్కీ 1932 డిసెంబరులోనే ఎనిగ్మా చక్రముల కూర్పును గనుగొనెను. ఆయనయు, సహచరులును సాధించిన విద్యను పోలండు 1939 జూలైలో బ్రిటిషు, ఫ్రెంచి వారి కప్పగించెను. పిదప బ్లెచ్లీ పార్కున యుద్ధాంతమునాటికి ఇంచుమించు పదివేలమంది పనిచేసిరి. వారిలో నాల్గింట మూడువంతులు స్త్రీలు, పెక్కుమంది యిరువదేండ్ల ప్రాయమువారు. ఇంటివారికైనను చెప్పగూడని పని. 1974లో వింటర్‌బాథమ్ గ్రంథము వెలువడువఱకు లోకమున కీ వృత్తాంతము తెలియనే లేదు. ఈ నవలాశాఖ ఆలస్యముగా దలయెత్తుటకు గారణ మిదియే.

రూటా సెపెటిస్, స్టీవ్ షెయిన్‌కిన్ కలిసి రచించిన 'ది బ్లెచ్లీ రిడిల్' (2024) 1940 నాటి ఆ స్థలమును అన్నాచెల్లెండ్ర కథగా జూపినది. భాషాధ్యయనపరులమగు మమ్ము మిక్కిలి కదిలించినది మాత్రము జోసెఫ్ బ్రూషాక్ రచించిన 'కోడ్ టాకర్' (2005). పాఠశాలలో మాతృభాష మాటలాడినందుకు దండింపబడిన నవహో బాలుడు, పెరిగి సైన్యమున జేరి, ఆ భాషనే శత్రువునకు అభేద్యమగు సంకేతముగా వాడును. నిషేధించినవారే దాని నాశ్రయింపవలసివచ్చెను. ఇందు కల్పన చరిత్రను బలపఱచినది. 2000లో వచ్చిన 'యు-571' చలనచిత్ర మిందుకు విరుద్ధము. అమెరికా యుద్ధమున బ్రవేశింపకముందే, 1941 మేలో, బ్రిటిషు నావికులు యు-110నుండి ఎనిగ్మా సామగ్రిని గైకొనిరి. చిత్రము అట్టి ఘనతను అమెరికనులకు గట్టబెట్టినది. కల్పనకు స్వేచ్ఛ కలదు. ఒకరి సాహసమును వేఱొకరి ఖాతాలో వ్రాయు స్వేచ్ఛ లేదు.

అసలు కల్పన యవసరమే లేని ఘట్టములును గలవు. 1942 ఫిబ్రవరిలో జర్మను జలాంతర్గాములు నాలుగు చక్రముల యంత్రమును వాడసాగగా బ్లెచ్లీకి దారి మూసికొనిపోయెను. ఆ యేడు అక్టోబరు 30న మధ్యధరా సముద్రమున మునిగిపోవుచున్న యు-559లోనికి పెటార్డ్ నౌకకు జెందిన ఫాసన్, గ్రేజియర్ అనువారు దిగి పుస్తకములను వెదకి యందించిరి. వానిని నిచ్చెనపై నిలిచి పైకి జేర్చినవాడు టామీ బ్రౌన్, వయస్సు దాచి యోడయెక్కిన పదునాఱేండ్ల క్యాంటీను పనివాడు. జలాంతర్గామి యొక్కసారిగా మునిగెను. బ్రౌన్ దప్ప మిగిలిన యిరువురును దానితోనే పోయిరి. ఆ పుస్తకములలోని వాతావరణ సంకేతముల సాయమున డిసెంబరులో మరల దారి తెఱచుకొనెను. ఈ సంగతి తరగతిలో జెప్పగా మా విద్యార్థు లిది నవలలోని కథ యనియే తలచిరి.

బ్రౌన్‌కు జార్జి పతకము లభించెను గాని, తా నందించిన పుస్తకముల విలువ యాతడెఱుగడు. 1945లో ఇంట నిప్పంటుకొనగా జెల్లెలిని రక్షింపబోయి మరణించెను. బ్లెచ్లీ రహస్యము వెల్లడియగుట కప్పటికి ఇంకను 29 ఏండ్లుండెను.