అడిగినప్పుడే వడ్డిస్తే..!

కరెంటు బిల్లు కట్టేద్దామని ఫోన్లో వెబ్‌సైట్ తెరుస్తాం. తెరంతా తెల్లగా ఉంటుంది. మధ్యలో ఓ గుండ్రటి గీత తిరుగుతూనే ఉంటుంది. 'ఛ... సిగ్నల్ లేదు' అని విసుక్కుంటాం. తప్పు ప్రతిసారీ సిగ్నల్‌దే కాదు. ఆ సైట్ మనకు అక్కర్లేని సామానంతా మోసుకొస్తూ ఉండొచ్చు!

ఒకప్పుడు వెబ్‌సైట్ అంటే కాసిని అక్షరాలూ నాలుగు బొమ్మలూ. ఇప్పుడో... మ్యాపులు, గ్రాఫులు, చాటింగ్, చెల్లింపులు. వీటన్నిటినీ నడిపించేది జావాస్క్రిప్ట్ కోడ్. నిపుణులు దాన్ని వందల ఫైళ్లుగా రాసినా, చివరికి ఒకే మూట కట్టి పంపడం చాలాకాలం అలవాటుగా సాగింది. దాంతో బిల్లు చూడటానికి వెళ్లినవాళ్ల ఫోన్లోకి కొత్త కనెక్షన్ దరఖాస్తు కోడ్ కూడా దిగేది. రెండ్రోజుల పెళ్లికి బీరువా మొత్తం సర్దుకెళ్లినట్టన్నమాట.

ఆ మూట బరువు 2 మెగాబైట్లు అనుకుందాం. సెకనుకు 1.6 మెగాబిట్ల వేగమున్న నెట్‌లో అది దిగడానికే 10 సెకన్లు పడుతుంది. అక్కడితో అయిపోదు. అంతే బరువున్న ఫొటో అయితే దిగాక తెరమీద కనిపిస్తే చాలు. కోడ్‌ని మాత్రం ఫోన్ చదవాలి, అర్థం చేసుకోవాలి, నడపాలి. ఖరీదైన ఫోన్‌లో ఆ ఆలస్యం తెలియదు కానీ, చవక ఫోన్ చేతిలో ఉన్నవాళ్లకు బాగా తెలుస్తుంది.

అందుకే మూట విప్పి ముక్కలు చేశారు. అదే కోడ్ స్ప్లిటింగ్. ముందు కనిపించే పేజీకి కావలసినంతే వస్తుంది. మ్యాప్ నొక్కితే మ్యాప్ ముక్క, గ్రాఫ్ తెరిస్తే గ్రాఫ్ ముక్క. దీన్ని లేజీ లోడింగ్ అంటారు. పేరులో బద్ధకం ఉన్నా చేసేది పొదుపే!

గూగుల్ 2009లో తన వెబ్ టూల్‌కిట్‌లో ఈ సదుపాయం ఇచ్చింది. జర్మనీకి చెందిన టోబియాస్ కోపర్స్‌కి అది తెగ నచ్చింది. అప్పటికే ఉన్న ఓ మూటలు కట్టే పరికరంలో ఇదీ చేర్చమని అడిగాడు. కుదరలేదు. దాంతో 2012లో తనే 'వెబ్‌ప్యాక్' మొదలుపెట్టాడు. తర్వాత ఇన్‌స్టాగ్రామ్ వెబ్‌సైట్ కూడా దాన్ని వాడటంతో ఎందరో అటు మళ్లారు. 2018లో రియాక్ట్ 16.6 వచ్చాక ఒక్క లైనుతో ముక్క కోసేయడం సాధ్యమైంది.

అసలు చిక్కు ఎక్కడ కోయాలన్నదే. పేజీకో ముక్క చొప్పున కోస్తే చాలావరకు సరిపోతుంది. మరీ చిన్నచిన్నగా తరిగితే బటన్ నొక్కిన ప్రతిసారీ ఎదురుచూపే. అందుకే మనం ఒక పేజీ చదువుతుండగానే తర్వాతి ముక్కను చడీచప్పుడూ లేకుండా ముందే తెప్పించి పెడతారు.

ఇంకో తంటా ఉంది. రాత్రి తెరిచిన పేజీని అలాగే వదిలేసి పొద్దున 'చెల్లించు' నొక్కుతాం. ఉలుకూ పలుకూ ఉండదు. రాత్రికి రాత్రే సైట్‌ని మార్చేసి ఉంటారు. ఫోన్ పాత ముక్కను అడుగుతుంటుంది, సర్వర్‌లో అది ఉండదు! పేజీని రీఫ్రెష్ చేస్తే కొత్తవి దిగుతాయి. ఆ సంగతి అందరికీ తెలియదు కదా. జాగ్రత్తపరులైన నిపుణులు అందుకే పాత ముక్కల్ని కొన్నాళ్లపాటు సర్వర్‌లోనే అట్టిపెడతారు.