కళ్లజోడులో ఆపరేషన్ థియేటర్

ఆపరేషన్ అనగానే చాలామందికి ఒక సందేహం వస్తుంది. "నాకు చేసేది పెద్ద డాక్టరుగారేనా, ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవారా?" ఈ భయం సహజమే. ఏ డాక్టరైనా, నర్సైనా ఎప్పుడో ఒకసారి మొదటిసారి చేయక తప్పదు. ఆ మొదటి తడబాటు రోగి శరీరం మీద జరగకుండా చూడడానికి ఉపయోగపడే సాధనాలలో వర్చువల్ రియాలిటీ ఒకటి.

ఏమిటీ విధానం?

థియేటర్‌లో వెనుక నిలబడిన విద్యార్థికి తరచుగా సర్జన్ వీపే కనబడుతుంది. అదే ఆపరేషన్‌ను అన్ని వైపులా చిత్రించే 360 డిగ్రీల కెమెరాతో తీసి, కళ్లకు పెట్టుకునే ప్రత్యేక పరికరంలో చూపిస్తే, తల ఎటు తిప్పితే అటువైపు కనిపిస్తుంది. సర్జన్ చేతులే కాదు, మత్తు డాక్టరు ఏం గమనిస్తున్నారో, నర్సు ఏ పరికరం ఎప్పుడు అందిస్తున్నారో కూడా చూడవచ్చు. అర్థం కాకపోతే మళ్లీ చూడవచ్చు.

2016 ఏప్రిల్ 14న రాయల్ లండన్ హాస్పిటల్‌లో డాక్టర్ షఫీ అహ్మద్ పెద్దప్రేగు క్యాన్సర్‌కు చేసిన ఆపరేషన్‌ను ఈ విధంగా ప్రత్యక్ష ప్రసారం చేశారు. రోగి ముందే అంగీకరించారు. అట్టతో చేసిన చవక కళ్లజోడులో సెల్‌ఫోన్ పెట్టుకొని కూడా దానిని చూడగలిగారు.

చూస్తే సరిపోతుందా?

సరిపోదు. గట్టు మీద కూర్చుంటే ఈత రాదు కదా! అందుకే చేతులతో అభ్యాసం చేసే సిమ్యులేటర్లు కూడా ఉన్నాయి. 2002లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో 16 మంది శిక్షణ డాక్టర్లపై జరిగిన అధ్యయనంలో, కంప్యూటర్ సిమ్యులేటర్ మీద సాధన చేసినవారు పిత్తాశయాన్ని వేరుచేసే పనిని 29 శాతం త్వరగా చేశారు. ఆ సాధన లేనివారి వల్ల పిత్తాశయానికి గాయమయ్యే లేదా పక్క భాగాలు కాలే అవకాశం 5 రెట్లు ఎక్కువగా కనబడింది. ఇది చిన్న అధ్యయనమే అయినా దారి చూపింది. అయితే అనుభవజ్ఞులైన డాక్టరు పక్కన నిలబడి నేర్పడానికి ఏ యంత్రమూ సాటిరాదు.

మీరు తెలుసుకోవలసినవి

* ఆపరేషన్‌కు ఇచ్చే అంగీకారం వేరు, వీడియో తీయడానికి ఇచ్చే అంగీకారం వేరు. సంతకం చేసేముందు చదివించుకొని వినండి.
* ముఖం, పేరు కనబడతాయా? ఎవరు చూస్తారు? ఎంతకాలం ఉంచుతారు? అని అడగండి.
* వద్దనే హక్కు మీకుంది. వద్దన్నంత మాత్రాన వైద్యంలో తేడా రాకూడదు.
* ఆపరేషన్ ఎవరు చేస్తారు, పక్కన ఎవరుంటారు అని అడగడానికి మొహమాటపడకండి.

మీరు ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటే, మీ ఆపరేషన్ రేపటి రోగులకు మేలుచేసే పాఠమవుతుంది.