మైకు సరే.. వినేదెవరు?

పాడ్‌కాస్ట్ మొదలుపెడతామనే ఫ్రెండ్స్ ఎవరైనా సరే, నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే.. "ఏ మైకు కొనాలి?" పగలు కోడ్ రాసుకుంటూ, రాత్రిళ్లు ఎపిసోడ్లు ఎడిట్ చేసుకునే నాకు మైకుల గురించి మాట్లాడటం ఇష్టమే. కానీ నేను తిరిగి అడిగేది వేరే. "మొదటి ఎపిసోడ్ వినే పదిమంది పేర్లు చెప్పు చూద్దాం." అక్కడే చాలామంది ఆలోచనలో పడతారు. ఆ పది పేర్లు దొరికితే చేతిలో ఉన్న ఫోన్‌తోనే పని మొదలైపోతుంది. దొరక్కపోతే ఎంత ఖరీదైన మైకు కొన్నా మూడో ఎపిసోడ్‌కల్లా ఊపు తగ్గిపోతుంది.

ఇదేదో నేను కనిపెట్టిన సూత్రం కాదు. పాడ్‌కాస్ట్ అనే మాట పుట్టకముందే ఈ పని చేసి చూపించిన ఆడవాళ్లు మన తెలంగాణలోనే ఉన్నారు.

మాచనూరు క్యాసెట్లు

జహీరాబాద్ దగ్గర మాచనూరు. అప్పట్లో మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని మహిళా సంఘాలకు 1998లో యునెస్కో సాయంతో అక్కడ ఓ రేడియో స్టూడియో ఏర్పడింది. ప్రోగ్రాములు చేసింది చుట్టుపక్కల ఊళ్ల దళిత మహిళలు. మైకులున్నాయి, రికార్డర్లున్నాయి. విత్తనాల నుంచి జొన్న రొట్టెల దాకా, పండగ పాటల నుంచి పిల్లల జ్వరాల దాకా చెప్పుకోవడానికి బోలెడు సంగతులున్నాయి. లేనిది ఒక్కటే.. లైసెన్సు! గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. కానీ స్వచ్ఛంద సంస్థలు కమ్యూనిటీ రేడియో పెట్టుకోవచ్చన్న విధానం 2006లో గానీ రాలేదు.

మరి అన్నేళ్లూ వాళ్లేం చేశారు? రికార్డు చేస్తూనే ఉన్నారు. ప్రోగ్రాముల్ని క్యాసెట్లలోకి ఎక్కించి, సంఘం మీటింగుల్లో టేప్ రికార్డర్ పెట్టి వినిపించారు. చివరికి 2008 అక్టోబరు 15న 90.4 ఎఫ్ఎం మీద సంఘం రేడియో గాల్లోకి వచ్చింది. 1995 నాటి తీర్పు ఇచ్చిన జడ్జీల్లో ఒకరైన జస్టిస్ పి.బి.సావంతే దాన్ని ప్రారంభించారు. ఆ స్టేషన్ నడిపిన జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ పేర్లు మన దేశంలో కమ్యూనిటీ రేడియో గురించి మాట్లాడినప్పుడల్లా వినిపిస్తాయి.

ఒక్కసారి ఆలోచించండి. స్టేషన్ లేకుండా పదేళ్లు! వైరల్ అయ్యే చాన్సే లేదు. అయినా వాళ్లు ఆగలేదంటే కారణం సింపుల్. తమ మాట ఎవరు వింటారో వాళ్లకి ముందే తెలుసు. విన్నవాళ్లు అక్కడే, ఎదురుగానే కూర్చునేవాళ్లు. ఇంకో సంగతి.. ఇంట్లో ఎలా మాట్లాడుకుంటారో మైకు ముందూ అదే యాస. వార్తలు చదివేవాళ్ల తెలుగు అరువు తెచ్చుకోలేదు.

పాడ్‌కాస్టింగ్ అనే మాట 2004లో పుట్టింది. ఐపాడ్, బ్రాడ్‌కాస్ట్ అనే రెండు మాటల్ని కలిపి బెన్ హామర్స్‌లీ అనే జర్నలిస్టు గార్డియన్ పత్రికలో వాడాడు. పేరు తర్వాత వచ్చింది గానీ, పని మాచనూరులో అప్పటికే జరుగుతోంది. మనకైతే ఇప్పుడు ఆ లైసెన్సు గొడవ కూడా లేదు.

ఇంటర్వ్యూ ఒక్కటే దారి కాదు

పాడ్‌కాస్ట్ అనగానే రెండు కుర్చీలు, రెండు పెద్ద మైకులు, ఎదురుగా ఓ సెలబ్రిటీ.. ఇదే గుర్తొస్తుంది కదా? తెలుగులోనే వేరే దారులు చాలా ఉన్నాయి. పూరి జగన్నాథ్ 2020లో 'పూరి మ్యూజింగ్స్' మొదలుపెట్టినప్పుడు గెస్ట్ లేడు, సెట్టింగ్ లేదు. ఒక్క గొంతు, ఒక్క టాపిక్, కొద్ది నిమిషాలు, అంతే. అమెరికాలో ఉంటూ 'కౌముది' వెబ్ పత్రిక నడిపే కిరణ్ ప్రభ టాక్ షోలు దీనికి పూర్తిగా రివర్స్. ఓ మనిషి జీవితాన్ని బోలెడంత చదివి, తాపీగా, భాగాలు భాగాలుగా కథలా చెబుతారు. 'హర్షణీయం' పాడ్‌కాస్ట్ అయితే తెలుగు కథల్నీ, రచయితల మాటల్నీ మన చెవిలో వేస్తుంది. ముగ్గురి ఫార్మాట్ మూడు రకాలు. కానీ విన్న రెండు నిమిషాల్లోనే 'ఇది నాకోసమే' అనో, 'ఇది నాకు కాదు' అనో తేలిపోతుంది. ఆ క్లారిటీ మీకూ కావాలి.

నేనూ మా ఫ్రెండూ కలిసి వనస్థలిపురంలో రిటైరైన వాళ్లతో వాళ్ల ఉద్యోగం గురించి మాట్లాడించాలనుకున్నాం. ఎన్జీవోస్ కాలనీ లాంటి పేరున్న కాలనీలున్న ఏరియా మాది. పొద్దున్నే వాకింగ్‌లో టీచర్లు, లైన్‌మెన్లు, నర్సులు, ఆర్టీసీ వాళ్లు కనిపిస్తారు. వాళ్ల పిల్లలు, మనవలే మా శ్రోతలు. పది పేర్లు వెంటనే దొరికాయి.

నిశ్శబ్దం ఎక్కడ దొరుకుతుంది?

పక్కనే విజయవాడ హైవే. గల్లీలో ఉల్లిగడ్డల బండి రికార్డింగ్. పైన నీళ్ల ట్యాంకు మోటారు, పక్కింట్లో కుక్కర్ విజిల్. ఇలాంటి చోట స్టూడియో ఎలా? బీరువా ఉన్న బెడ్‌రూమే స్టూడియో. పరుపు, కర్టెన్లు, హ్యాంగర్లకి వేలాడే బట్టలు గొంతు గోడలకి తగిలి తిరిగి రాకుండా పీల్చుకుంటాయి. ఖాళీ హాల్లో మాట్లాడితే బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. దానికి ఏ యాప్ దగ్గరా సరైన మందు లేదు.

ఫ్యాన్ ఆపండి. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఫోన్‌కీ నోటికీ మధ్య జానెడు దూరం చాలు. సూటిగా నోటి ముందు కాకుండా కొంచెం పక్కకి పెడితే 'ప', 'బ', 'ఫ' పలికేటప్పుడు గాలి కొట్టిన శబ్దం పడదు. ఇద్దరు మాట్లాడుతుంటే ఎవరి దగ్గర వాళ్ల ఫోన్ పెట్టి రెండూ రికార్డు చేయండి. మొదట్లో గట్టిగా ఒక్క చప్పట్లు కొట్టండి. ఎడిటింగ్‌లో రెండు ఫైళ్లనూ ఆ చప్పుడు దగ్గర కలిపేస్తే సరి. ఇక మాటలు మొదలుపెట్టే ముందు ఎవరూ నోరు విప్పకుండా 30 సెకన్లు గది శబ్దాన్ని మాత్రమే రికార్డు చేయండి. ఆ ముక్క తర్వాత బంగారంలా పనికొస్తుంది.

ఎడిటింగ్: కత్తెర తక్కువ, చెవి ఎక్కువ

ల్యాప్‌టాప్ ఉంటే ఆడాసిటీ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ చాలు. ఇందాకటి 30 సెకన్ల గది శబ్దాన్ని చూపించి నాయిస్ రిడక్షన్ చేయమంటే, ఫైలంతటా ఆ గుయ్‌మనే చప్పుడు తగ్గిస్తుంది. మరీ ఎక్కువ తగ్గిస్తే గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది, జాగ్రత్త. తర్వాత లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌లో మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ పెట్టండి. యాపిల్ పాడ్‌కాస్ట్స్ సూచించే లెవెల్ అటూఇటుగా అదే. దీనివల్ల బస్సులో వినేవాళ్లు మాటిమాటికీ వాల్యూమ్ పెంచుకోనక్కర్లేదు.

అరగంట ఎపిసోడ్ మోనో వేవ్ ఫైల్‌గా దాదాపు 160 ఎంబీ ఉంటుంది. అదే 96 కేబీపీఎస్ ఎంపీ3గా మారిస్తే 22 ఎంబీ లోపే. మాట్లాడే గొంతుకి ఇది చాలు. వినేవాళ్ల డేటా కూడా మిగులుతుంది. అయితే అసలు వేవ్ ఫైల్ మాత్రం పారేయకండి, ఓ హార్డ్ డిస్కులో దాచండి.

ఇక 'ఆ..', 'అంటే..' అన్నవన్నీ కట్ చేయాలా? వద్దు. మనిషి ఆలోచించుకోవడానికి ఆగిన చోట ఆగనివ్వండి. చెప్పిందే చెప్పిన చోట, దారి తప్పిన చోట కట్ చేయండి.

పేపర్ బాయ్ పేరు ఆర్ఎస్ఎస్

ఎపిసోడ్ రెడీ. దాన్ని అన్ని యాప్‌లలోకీ ఎలా పంపాలి? ఆడియో ఫైలు ఒక హోస్టింగ్ సర్వీసులో ఉంటుంది. ఆ సర్వీసు మీ షోకి ఆర్ఎస్ఎస్ ఫీడ్ అనే లింకు ఇస్తుంది. షో పేరు, బొమ్మ, ఏ ఎపిసోడ్ ఎక్కడుందన్న వివరాలు అందులో ఉంటాయి. ఆ లింకును యాపిల్ లాంటి చోట ఒక్కసారి రిజిస్టర్ చేస్తే చాలు. మీరు కొత్త ఎపిసోడ్ పెట్టినప్పుడల్లా పేపర్ బాయ్‌లా అదే ఇంటింటికీ వేసొస్తుంది. స్పాటిఫై ఫర్ క్రియేటర్స్‌లో హోస్టింగ్ ఉచితం. 2015లో యాంకర్ పేరుతో మొదలైన సర్వీసే అది. 2019లో స్పాటిఫై కొనేసింది. కవర్ బొమ్మ చతురస్రంగా, 3000 పిక్సెళ్ల సైజులో చేసుకోండి. ఫోన్‌లో అది వేలిగోరంత కనిపిస్తుంది కాబట్టి పేరు పెద్ద అక్షరాల్లో ఉండాలి.

ఒక హెచ్చరిక. బ్యాక్‌గ్రౌండ్‌లో సినిమా పాట వేయాలని చేతులు దురద పెడతాయి. హక్కుదారుల అనుమతి లేకుండా వద్దు. కథలు చదవాలనుకునేవాళ్లూ ఇది గుర్తుపెట్టుకోండి. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కులుంటాయి. 1915లో పోయిన గురజాడ కథలు ఎవరైనా చదివి వినిపించొచ్చు. చలం 1979లో పోయారు. ఆయన కథలకి 2039 చివరిదాకా అనుమతి కావాల్సిందే.

"ఆ ముక్క తీసెయ్ బిడ్డా"

ఏ ట్యుటోరియల్‌లోనూ నాకు దొరకని విషయం ఇది. మేం మాట్లాడించిన వాళ్లలో ఓ రిటైర్డ్ కండక్టర్ అంకుల్ ఉన్నారు. దిల్‌సుఖ్‌నగర్ వైపు బస్సుల్లో ఏళ్ల తరబడి పనిచేశారు. చిల్లర లేనప్పుడు టికెట్ వెనకాల బాకీ రాసిచ్చి, దిగేటప్పుడు ఒక్కొక్కరినీ మొహం చూసి ఎలా గుర్తుపట్టేవారో చెబుతుంటే గంట గడిచిపోయింది. మాటల్లో మాటగా తమ్ముడితో పడ్డ గొడవ కూడా చెప్పేశారు. కన్నీళ్లు వచ్చాయి. వినేవాళ్లని కట్టిపడేసేది ఆ ముక్కేనని మా ఇద్దరికీ తెలుసు.

ఎడిట్ చేసిన ఫైలు ముందు ఆయనకే వినిపించాం. మొత్తం విని, "మంచిగుంది. తమ్ముని ముచ్చట మాత్రం తీసెయ్ బిడ్డా. వాడు ఇంకా ఈ ఊర్లనే ఉంటడు" అన్నారు. తీసేశాం. మా ఫ్రెండ్ రెండ్రోజులు బాధపడ్డాడు. ఎపిసోడ్ ఆ ముక్క లేకుండానే వెళ్లింది. వారం తర్వాత అంకుల్ మనవరాలు మెసేజ్ చేసింది. తాత కండక్టరని తెలుసట గానీ, రోజంతా నిలబడి లెక్కలన్నీ నోటితోనే వేసేవాడని తెలీదట. అసలు ఫైలు పంపమంది. ఆ గంట రికార్డింగూ అంకుల్‌నే అడిగి, ఆయన ఫోన్‌కే పంపాం. ఎవరికి ఇవ్వాలో ఆయనిష్టం.

మొదలుపెట్టే ముందే ఈ మూడూ చెప్పండి. ఎక్కడ పెడతామో, ఎవరెవరు వినొచ్చో, వద్దనుకుంటే ఏ ముక్కయినా తీసేస్తామని. ఆ మాట ఇచ్చాక మనిషి నిబ్బరంగా మాట్లాడతారు. సంఘం రేడియో వాళ్లకీ మనకీ ఇక్కడే తేడా. వాళ్ల క్యాసెట్ మీటింగు దాటి పెద్దగా పోలేదు. మన ఎపిసోడ్ రాత్రికి రాత్రే పక్కింటికీ, న్యూజెర్సీకీ వెళ్లిపోతుంది.

ఈ ఆదివారం ఓ పని చేయండి. మీ ఇంట్లోనో, పై ఫ్లోర్‌లోనో ఉన్న ఓ పెద్దావిడనో, పెద్దాయన్నో అడగండి.. "మీ మొదటి జీతం రోజు ఏం చేశారు?" పర్మిషన్ తీసుకుని, ఫ్యాన్ ఆపి, రికార్డు బటన్ నొక్కండి. పది నిమిషాలు చాలు. తర్వాత వాళ్ల ఇంట్లోవాళ్లకి వినిపించండి. వాళ్లు "ఇంకొంచెం ఉందా?" అని అడిగితే మీకు రెండో ఎపిసోడ్ దొరికినట్టే. మైకు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.