ట్రాక్టరు టైర్లకు పూచీ యెవరిది?

క్రొత్త ట్రాక్టరు కొనిన సభ్యుని చేతికి వారంటీ పత్రమును, వాడుక విధానమును దెలుపు పుస్తకమును వచ్చును. ఇంజనుకు పూచీపడిన కంపెనీయే టైర్లకును పూచీపడునని మనవారిలో పెక్కుమంది తలచుచున్నారు. అది పొరపాటు. సాధారణముగా ఆ పత్రమునందు టైర్లు, బ్యాటరీ మొదలగునవి మినహాయింపబడి, వానిని చేసినవారినే యడుగవలెనని వ్రాయబడియుండును. చిన్న యక్షరములగుటచే ఆ వాక్యమును చదువువారు తక్కువ.

టైరు కంపెనీవారు పూచీపడునది తయారీలోపమునకు మాత్రమే. బయటి దెబ్బ యేదియు లేకుండ పొరలు విడిపోయినను, ప్రక్కభాగము ఉబ్బినను వారి నడుగవచ్చును. కంది మోళ్లు గ్రుచ్చుకొనుట, రాయి కోయుట, అధికమైన బరువు, గాలి తక్కువై ప్రక్కలు పగులుట వారి లెక్కలోనికి రావు. లోపమును ఒప్పుకొనినను క్రొత్త టైరు ఉచితముగా రాదు. అరిగినంతవరకు విలువ తగ్గింతురు. ఉదాహరణమునకు, క్రొత్తదానిపై గట్ల యెత్తు 40 మిల్లీమీటర్లుండగా ఇప్పుడు 30 మిగిలినచో, నూటికి 75 వంతులు వారు భరింతురు. తక్కిన 25 వంతులు రైతు చెల్లింపవలెను.

ఇక ట్రాక్టరు కంపెనీవారి సలహా వేఱు. నాలుగు చక్రములును లాగు ట్రాక్టరులో ముందు చక్రములు వెనుక చక్రములకంటె కొంచెము వడిగా సాగునట్లు గేర్లు అమర్చబడియుండును. ఒక టైరు క్రొత్తదియు, దాని జత అరిగినదియు నైనచో ఈ లెక్క చెడి, గేర్లపై నొత్తిడి పడును. కావున జతగా మార్చుడని పుస్తకము చెప్పును. ఈ సలహా మంచిదే; గేరుపెట్టె మరమ్మతు టైరుకంటె భారమైనది. అయినను రెండవ టైరు వెల టైరు కంపెనీవారు ఇయ్యరు. వారు పరీక్షించునది చెడిన టైరును మాత్రమే. ఈ భేదము తెలియకనే డీలరు దుకాణములలో కలహములు పుట్టుచున్నవి. దమ్ము రోజులలో ట్రాక్టరు నిలిచిపోయిన రైతునకు కోపము వచ్చుట సహజమే కదా!

అట్లని పుస్తకము టైరు వారంటీకి సంబంధింపనిదని తలపరాదు. పొలములో ఎంత గాలి, రోడ్డుమీద బరువు లాగునపుడు ఎంత గాలి యుండవలెనో అందు గలదు. గాలి తక్కువగా నడపిన గుర్తులు టైరు లోపలి ప్రక్కను స్పష్టముగా కనబడును. పరీక్షకుడు మొదట చూచునది వానినే.

టైరు చెడినపుడు పంచరు దుకాణములో అతుకు వేయింపక ముందే టైరు డీలరునకు చూపవలెను. బిల్లును, టైరు సంఖ్యను వ్రాసి యుంచుకొనుడు. ప్రక్కభాగముమీద నాలుగంకెలు అచ్చువేయబడియుండును. 2324 అనగా 2024వ సంవత్సరము 23వ వారమున తయారైనదని యర్థము. ఏండ్ల తరబడి దుకాణములో పడియున్న టైరును కొనకుండుటకును ఇది యుపయోగించును.

అర్జీని త్రోసివేసినచో కారణమును వ్రాతమూలకముగా నడుగుడు. అది న్యాయముగా లేదని తోచిన జిల్లా వినియోగదారుల కమిషను కలదు. ట్రాక్టరు వ్యాపారవస్తువని కొందఱు డీలర్లు బెదరింతురు గాని, తన జీవనమునకై స్వయముగా వాడుకొనువాడు 2019వ సంవత్సరపు చట్టము ప్రకారము వినియోగదారుడే. వివాదము పుట్టిన రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవలెను. చెల్లించిన వెల 5 లక్షల రూపాయలకు మించనిచో రుసుము లేదు.