అట్లాసు పక్కన మూడు పుస్తకాలు

భూగోళమంటే రాజధానుల పేర్లు, నదుల పొడవులు బట్టీపట్టడమేనని చాలామంది విద్యార్థుల అభిప్రాయం. పరీక్ష అయిన మర్నాటికే అవన్నీ మరచిపోతారు. గుర్తున్నవైనా మారకుండా ఉండవు. 2014లో తెలంగాణ ఏర్పడగానే పాత అట్లాసుల్లో మన రాష్ట్రపు హద్దులు పాతబడిపోయాయి. మరి ఏ పుస్తకాలు చదవాలి? భూగోళం బోధించే ఉపాధ్యాయునిగా నాది ఒకటే కొలబద్ద: ఒక సంగతిని చెప్పి ఊరుకునే పుస్తకం కన్నా, అది మనిషికి ఎలా తెలిసిందో చూపే పుస్తకం మేలు. అటువంటివి మూడు చెబుతాను.

మొదటిది ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'. ఆయన 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, కలకత్తా చూసుకొని, తూర్పుతీరం వెంట 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. మన దేశానికి ఇంకా రైలు రాని కాలమది. పుస్తకం 1838లో అచ్చయింది. అట్లాసు తెరిచి, ఆయన మజిలీలను పెన్సిలుతో గుర్తిస్తూ చదవండి. ఏ నదిని ఎక్కడ దాటారు? బాట ఎక్కడ, ఎందుకు వంపు తిరిగింది? కొండలూ నదులూ మనిషి నడకను ఎలా శాసిస్తాయో మీకే తెలిసివస్తుంది.

రెండవది డావా సోబెల్ ఇంగ్లీషులో రాసిన 'లాంగిట్యూడ్' (1995). భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే డిగ్రీకి 4 నిమిషాలు. బయలుదేరిన రేవులో సమయమెంతో తెలిస్తే, ఓడ ఉన్నచోటి సమయంతో పోల్చి రేఖాంశం లెక్కకట్టవచ్చు. కాని ఓడ ఊగుతుంటే లోలకపు గడియారం సరిగా నడవదు. ఆ చిక్కు తీర్చే గడియారం కోసం జాన్ హారిసన్ అనే వడ్రంగి దశాబ్దాలపాటు శ్రమించిన కథ ఇది.

దీన్ని మీరే పరీక్షించవచ్చు. హైదరాబాదులో మీరు, విశాఖపట్నంలో మీ స్నేహితుడు ఒకే రోజున చెరొక కర్రను నిటారుగా పాతండి. నీడ అతి పొట్టిగా ఉన్న వేళను గడియారం చూసి రాసుకోండి. విశాఖ సుమారు 4.8 డిగ్రీలు తూర్పున ఉంది. కనుక అక్కడ ఆ వేళ దాదాపు 19 నిమిషాలు ముందే వస్తుంది.

మూడవది జాన్ కే రాసిన 'ది గ్రేట్ ఆర్క్' (2000). విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు వద్ద సుమారు 12 కిలోమీటర్ల గీతను నేలమీద కొలిచి, దాని ఆధారంగా త్రిభుజం పక్కన త్రిభుజం పేరుస్తూ దేశాన్ని కొలవడం ప్రారంభించారు. ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగతా భుజాలు తెలుస్తాయి. మీరు లెక్కల తరగతిలో చదివిన సూత్రమే! ఈ సర్వే లెక్కల్లో రాధానాథ్ సిక్దర్ వంటి భారతీయుల పాత్ర ముఖ్యమైనది. 1856లో ఎవరెస్టు ఎత్తు 29,002 అడుగులని ప్రకటించారు. శిఖరం దగ్గరకు పోకుండా, 160 కిలోమీటర్లకు పైగా దూరం నుంచి తీసిన కొలతలవి. 2020లో నేపాల్, చైనా కలిసి ప్రకటించిన 8,848.86 మీటర్లకూ దానికీ తేడా సుమారు 9 మీటర్లే.

ఇంగ్లీషు కష్టమనిపిస్తే రోజుకు రెండేసి పేజీలు చదవండి, తొందరలేదు. కాని అట్లాసు, పెన్సిలు లేకుండా మాత్రం కూర్చోకండి. ఇకమీదట పాఠ్యపుస్తకంలో ఏ అంకె కనిపించినా "దీన్ని ఎవరు, ఎలా కొలిచారు?" అని మీ ఉపాధ్యాయుణ్ణి అడగండి. భూగోళం అక్కడే మొదలవుతుంది.