చివరి అక్షరం చెప్పే సంగతి

బేత్లెహేము పొలాల్లో దేవదూతలు చేసిన స్తోత్రం (లూకా 2:14) మనకు కంఠస్థమే. అందులోని సమాధానం ఎవరికి? తెలుగు బైబిలు ఒక విధంగా, ఇంగ్లిషులోని కింగ్ జేమ్స్ బైబిలు మరో విధంగా చెబుతాయి. ఈ తేడాకు మూలం ఒక విభక్తి. విభక్తుల పని తెలియాలంటే లాటిన్ మంచి బడి.

తెలుగువారికి ఈ బడి కొత్తదేమీ కాదు. మనం సేవకుడు, సేవకుని, సేవకునికి అన్నట్టే లాటిన్‌లోనూ మాట చివర మారుతుంది. కర్తగా సెర్వుస్, కర్మగా సెర్వుమ్, "సేవకుని యొక్క" అంటే సెర్వీ, "సేవకునికి" అంటే సెర్వో. "సెర్వుస్ దొమినుమ్ అమత్" అంటే సేవకుడు యజమానుని ప్రేమిస్తున్నాడు. మాటలను అటూ ఇటూ మార్చినా అర్థం అదే. కానీ "సెర్వుమ్ దొమినుస్ అమత్" అంటే ప్రేమించేది యజమానుడు. అందుకే అనువదించేటప్పుడు ముందు క్రియను పట్టుకోవాలి, తర్వాత కర్తను, ఆపైన కర్మను వెదకాలి.

నామవాచకాలు ఐదు వర్గాలు. ఒక్కో వర్గానికి ప్రత్యయాలు వేరు. ఒకే రూపానికి పలు అర్థాలూ ఉంటాయి. "తెర్రే" అంటే భూమి యొక్క, భూమికి, భూములు అని మూడు విధాలా చెప్పవచ్చు. సందర్భమే తేల్చాలి.

ఇప్పుడు లూకా వచనానికి వద్దాం. గ్రీకు ప్రతులు కొన్నింటిలో "యుదొకియా" అని ఉంది. అప్పుడు మనుష్యుల యెడల దయ అనేది వేరే ఆశీర్వాదం. కింగ్ జేమ్స్ దీన్ని అనుసరించింది. మరికొన్ని ప్రాచీన ప్రతుల్లో చివర ఇంకొక్క అక్షరం చేరి "యుదొకియాస్" అని షష్ఠీ విభక్తిలో ఉంది. లాటిన్ వుల్గాతలోనూ షష్ఠియే. అంటే సమాధానం "దయ యొక్క మనుష్యులకు".

ఎవరి దయ? మనుష్యులదైతే సమాధానం మంచివారికి దక్కే బహుమానం. దేవునిదైతే అది కృప. విభక్తి సంబంధాన్ని చూపుతుంది గాని, ఆ దయ ఎవరిదో చెప్పదు. అయితే లూకా 10:21లో ఇదే గ్రీకు మాట తండ్రి చిత్తాన్ని గూర్చి వచ్చింది. తెలుగు బైబిలు కూడా 2:14లో దేవుని ఇష్టమనే అర్థాన్నే తీసుకుంది.

ఈసారి ఆ వచనం చదివేటప్పుడు "మనుష్యులకు" అనే మాటకు ముందున్న మాటల దగ్గర ఒక్క క్షణం ఆగండి. మన నిరీక్షణ మన మంచితనం మీద ఆనుకున్నదా, ఆయన దయ మీదనా అన్నది అక్కడే ఉంది.